బంతి మధ్యలోనే పడింది

ఆ రోజు కూడా ఐలీ అందరికంటే ముందే లేచింది. ఏలకుల రొట్టె కోసి వెన్న రాసి, కాఫీ తాగి, వంటింటి గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటూ మనవరాలిని కేకేసింది.

"ఎలిన్, పచ్చిక మీద తడి ఆరిపోతే మళ్ళీ బంతి ఒక తీరున దొర్లదు. లేస్తావా, నీళ్ళు చల్లమంటావా?"

"లేచాను అమ్మమ్మా. ఒక మేజోడు కనపడట్లేదు."

"రెండు రంగులవి వేసుకో. బంతికేం తెలుస్తుంది."

పదమూడేళ్ళ ఎలిన్‌కు ఆ వేసవి మొత్తం ఒకే పొడవాటి ఉదయంలా ఉండేది. సుపీరియర్ సరస్సు మీంచి పొగమంచు మెల్లగా వచ్చి ఊరి చివరి చిన్న గోల్ఫ్ మైదానం మీద పరుచుకునేది. ఆ వేళకి అమ్మమ్మ నడిపే కారులో వచ్చిన వీళ్ళిద్దరూ, నాలుగు బాతులూ తప్ప అక్కడ ఎవరూ ఉండరు. తండ్రి ఇనప ఖనిజం మోసే ఓడలో పనివాడు, సరస్సు గడ్డకట్టే దాకా ఇంటికి రాడు. తల్లి డార్సీ పళ్ళ డాక్టరు ఆఫీసుకి పొద్దున్నే వెళ్ళిపోతుంది. అందుకని ఎలిన్ ఉదయాలన్నీ అమ్మమ్మవే.

ఐలీ యాభై ఏళ్ళుగా ఆ మైదానంలో ఆడుతోంది. నేర్పేటప్పుడు కూడా గొంతు పెంచదు.

"కర్ర ఎలా పట్టుకోవాలి? రోడ్డు దాటేటప్పుడు చంటిపిల్ల చెయ్యి పట్టుకుంటామే, అలాగ. జారిపోకూడదు, నొప్పీ పుట్టకూడదు. ఇప్పుడు పాదాలు. భుజాలంత ఎడం చాలు. బలం చేతుల్లో వెతక్కు, నడుము తిరిగితే చేతులు వాటంతటవే వస్తాయి."

"కొట్టాక పైకి చూడనా?"

"చూడకు. బంతి ఉన్న చోటే చూపు నిలుపు. తొందరపడి తలెత్తావో, అది నీ మాట వినదు."

ఎదుటివాళ్ళు కొట్టేటప్పుడు ఊపిరి కూడా గట్టిగా తీయకూడదని, కర్ర తగిలి లేచిన పచ్చిక పెళ్ళని వెనక్కి తెచ్చి కాలితో అదిమి రావాలని, అలా ఒక్కొక్కటే నేర్పింది. ఎలిన్ కొట్టిన బంతులు చాలావరకు కుందేళ్ళలా నేల మీద గెంతుతూ పోయేవి. ఎప్పుడో ఒకటి మాత్రం చప్పుడే లేనట్టు గాల్లోకి లేచి, పొగమంచులో కలిసి, చాలాసేపటికి ఎక్కడో మెత్తగా పడేది. ఆ ఒక్కటి చాలు, రోజంతా ఒళ్ళు తేలిపోతున్నట్టు ఉండేది.

తరువాత అమ్మమ్మ వంతు. ఆమె కర్ర ఊపితే ఈనాటికీ చూడముచ్చటగా ఉంటుంది. కొట్టి, అలాగే నిలబడి అడిగేది.

"ఎటు పోయింది?"

వసంతంలో మొదటిసారి ఈ మాట అడిగినప్పుడు బంతి నిజంగానే మైదానం మధ్యలో పడింది. ఎలిన్ అదే చెప్పింది. మరో రోజు బంతి వంకర తిరిగి రెల్లు గడ్డిలోకి పోయింది. చెబుదామని తల తిప్పిన ఎలిన్‌కు అమ్మమ్మ ముఖం కనపడింది. చెవులు రిక్కించి, పెదవులు కొద్దిగా తెరిచి, బహుమతి కోసం చూసే పిల్లలా ఉందామె.

"మధ్యలోనే పడింది అమ్మమ్మా" అంది ఎలిన్.

ఆనాటి నుంచి ఎలిన్ జేబులో బంతులు వేసుకుని బయల్దేరేది. ముందు పరుగెత్తి, పచ్చిక మధ్యలో ఒకటి జారవిడిచి, "ఇదిగో ఇక్కడుంది" అని పిలిచేది. ఐలీ నవ్వుకుంటూ నడిచి వచ్చేది. ఆ నవ్వు చూసిన ప్రతిసారీ ఎలిన్‌కు తానేదో మంచిపని చేసినట్టే ఉండేది.

ఆ సాయంత్రం డార్సీ ఇంటికి వచ్చి చేతిసంచి కుర్చీలో పడేసింది. కోటు విప్పలేదు. ఐలీ పొయ్యిలోంచి కూర పెట్టి కాల్చిన పేస్టీలు తీస్తోంది. మాంసం, దుంపల వాసన ఇల్లంతా నిండింది.

"అమ్మా, పక్కవీధిలో వాళ్ళ ఉత్తరాల పెట్టె నేలకొరిగి ఉంది. నీ కారు ముందు భాగానికి దాని ఆకుపచ్చ రంగు అంటుకుని ఉంది."

"అది రోడ్డు మీదికి వంగి ఉంటుంది. ఎన్నిసార్లు చెప్పాను వాళ్ళకి."

"నిటారుగా ఉండేదమ్మా అది. నేను రోజూ దాని పక్కనుంచే వెళ్తాను." డార్సీ బల్ల దగ్గరికొచ్చింది. "కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్దామంటే చలికాలం అయ్యాక అన్నావు. చలికాలం అయిపోయింది. పోయిన వారం కాఫీలో ఉప్పేశావు."

"ఉప్పు, పంచదార ఒకే రకం డబ్బాల్లో పెట్టింది నువ్వు."

"ఆ కారులో నా కూతురు కూర్చుంటుందమ్మా."

ఐలీ పళ్ళెం బల్ల మీద పెట్టి, ఆప్రాన్‌కు చేతులు తుడుచుకుంది. "నా కళ్ళకేం రాలేదు. వసంతం నుంచీ రోజూ ఆడుతున్నాను. నేను కొట్టిన బంతి ఒక్కటి పక్కకి పోయిందేమో ఈ పిల్లనే అడుగు. చూపు లేనిదాన్నైతే అలా ఆడగలనా? చెప్పవే ఎలిన్, మీ అమ్మకి చెప్పు."

ఇద్దరూ ఎలిన్ వైపు తిరిగారు. కిటికీలోంచి ఎండ ఇంకా ఏటవాలుగా పడుతూనే ఉంది. ఆ వెలుగులో అమ్మమ్మ తన ముఖం వైపు కాక, చెవి పక్కనున్న గోడ వైపు చూస్తోందని ఎలిన్ గమనించింది. ఎన్నాళ్ళ నుంచో అలాగే చూస్తోందని కూడా అప్పుడే అర్థమైంది.

"నేనే పెట్టాను" అంది నెమ్మదిగా.

"ఏం పెట్టావు?"

"బంతులు. నువ్వు కొట్టినవి రెల్లులోకి పోతుండేవి. నేను వేరేవి మధ్యలో పెట్టేదాన్ని. నువ్వు సంతోషంగా ఉంటావని."

ఐలీ కుర్చీ వీపు పట్టుకుని నిలబడిపోయింది. డార్సీకి తల్లి మీద కోపం కూతురి మీదికి మళ్ళింది. "తెలిసి తెలిసి ఆ కారు ఎక్కేదానివా? ఒక్క మాట నాతో అనాలనిపించలేదా నీకు?"

"ఇద్దరూ ఊరుకోండి" అంది ఐలీ. తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. పేస్టీలు ఎవరూ తినకుండానే చల్లారిపోయాయి.

మర్నాడు గోల్ఫ్ సంచీ గరాజులో గోడకి చేరబడింది. ఐలీ ఎవరినీ తిట్టలేదు, సాధించలేదు. "అన్నం పెట్టమంటావా", "తలుపు వేశావా" అని ఎలిన్‌తో మర్యాదగా మాట్లాడేది. ఆ మర్యాదే ఎలిన్‌కు భరించలేనట్టు ఉండేది. ఎన్నిసార్లో గది ముందుదాకా వెళ్ళి తిరిగొచ్చేసింది.

ఇంట్లో కూర్చుని కిటికీలోంచి చూస్తున్న పిల్లని డార్సీ తీసుకెళ్ళి, పాత స్కీ కొండ మీద పిల్లలకు డిస్క్ గోల్ఫ్ నేర్పే తరగతిలో చేర్పించింది. ఇక్కడ బంతీ లేదు, కర్రా లేదు. అంచు పదునైన చిన్న పళ్ళెం లాంటి డిస్క్‌ని చేత్తో విసరాలి. చెట్ల మధ్య, ఇనప స్తంభానికి గొలుసులు వేలాడేసి, కింద బుట్ట బిగించి ఉంటుంది. డిస్క్ గొలుసులకు తగిలి బుట్టలో పడాలి. తక్కువ విసుర్లలో ఎవరు వేస్తే వాళ్ళు గెలిచినట్టు.

నేర్పే ఆవిడ నోరీన్ ఎప్పుడూ పొద్దుతిరుగుడు గింజలు నములుతూ ఉండేది. "ఛాతీకి దగ్గరగా, ఒకే గీత మీద లాగమ్మా. అంచు పైకి లేపకు, లేపితే ఆకాశంలోకి పోయి నీ నెత్తినే పడుతుంది. చివర్లో తడి చెయ్యి విదిల్చినట్టు మణికట్టు విదిలించు."

కొన్నాళ్ళకి ఎలిన్ చేతిలోంచి డిస్క్ తిన్నగా పోవడం మొదలైంది. కొండ మీంచి వదిలితే అది పడదు, తేలుతుంది. బిర్చ్ చెట్ల తెల్లటి మానుల మధ్యగా, ఎవరో పిలిస్తే వెళ్తున్నట్టు సాగిపోయి, చివర్లో అలసి ఎడమకు వాలి కిందికి దిగుతుంది. చూస్తూ ఉంటే దానితో పాటు తనూ వెళ్తున్నట్టు ఉండేది. నేల మీద వాలగానే మాత్రం, ఇది అమ్మమ్మకి ఎలా చెప్పాలి అనిపించేది.

జూలై చివర్లో ఐలీ తనంతట తానే కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్దామంది. చూపు మధ్యభాగం పోయిందని, అది తిరిగి రాదని, అంచుల్లో ఉన్నది మాత్రం నిలబడవచ్చని ఆయన చెప్పాడు. బయటికి వచ్చాక ఐలీ కారు తాళాలు తీసి కూతురి చేతిలో పెట్టింది. వచ్చే దారిలో ఎలిన్‌ని ఎక్కించుకుందామని డార్సీ స్కీ కొండ దగ్గర ఆపింది.

తరగతి అయిపోయి పిల్లలంతా వెళ్ళిపోయారు. ఎలిన్ ఒక్కతే బుట్ట ముందు నిలబడి విసురుతోంది. కారులో ఉక్కగా ఉందని ఐలీ దిగింది. అప్పుడే గొలుసులు గలగలమన్నాయి.

"ఏమిటా చప్పుడు?"

"నాది అమ్మమ్మా. బుట్టలో పడింది."

ఐలీ నెమ్మదిగా గడ్డి మీద నడుచుకుంటూ వచ్చి నిలబడింది. ఎలిన్ మళ్ళీ విసిరింది. ఈసారి ఏ చప్పుడూ రాలేదు. పక్షి ఒకటి అరిచి ఊరుకుంది. అమ్మమ్మ వింటూ ఎదురుచూస్తోంది. కొంచెంలో తప్పింది అనే మాట ఎలిన్ నాలుక చివరిదాకా వచ్చింది.

"పొదల్లో పడింది" అంది. "బుట్టకి చాలా దూరంగా. అస్సలు బాగా విసరలేదు."

"అంత ఘోరంగానా?"

"అంత ఘోరంగా."

ఐలీ తల పక్కకి తిప్పి, కంటి చివరి నుంచి మనవరాలిని చూసింది. "మరి పోదూ. నడుము తిరగకముందే చెయ్యి లాగేస్తున్నావు. బంతైనా పళ్ళెమైనా నడుమే ముందు. ఏదీ, నాకొకటివ్వు."

తీసుకుని అంచు చుట్టూ బొటనవేలితో తడిమింది. కాళ్ళు సర్దుకుని విసిరింది. డిస్క్ నిలువుగా లేచి, కారు దిగి వచ్చిన డార్సీకి దగ్గర్లో నేల కరుచుకుంది.

"అమ్మా, నన్ను చంపేస్తావా ఏమిటి" అని డార్సీ పక్కకి గెంతింది.

ఐలీ నవ్వింది. నవ్వుతూనే పక్కనున్న చెక్క బల్ల మీద కూర్చుండిపోయింది. ఎలిన్ వెళ్ళి పక్కన కూర్చుంది. ఎన్నాళ్ళుగానో గొంతులో ఉన్న మాట బయటికి వచ్చింది. "నీకు అబద్ధం చెప్పాను అమ్మమ్మా. నీకు నా మీద కోపం పోదా?"

"నీ మీద కాదే. కర్రకి బంతి తప్పుగా తగిలితే చేతులకి తెలిసిపోతుంది. నా చేతులకి రోజూ తెలుస్తూనే ఉండేది. అయినా నువ్వు మధ్యలో పడింది అంటే, పడిందేమో అనుకునేదాన్ని. నమ్మాలనిపించేది." ఎలిన్ చెయ్యి తడిమి పట్టుకుంది. "ఒక చంటిదాని చేత అబద్ధాలు మోయించాను. ఆ సిగ్గుతో నీ ముఖం చూడలేకపోయాను. చూసినా సరిగ్గా కనపడదనుకో."

ఎలిన్‌కి నవ్వు, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. ఇన్నాళ్ళూ తానొక్కతే దాస్తున్నానని అనుకున్నదాన్ని అమ్మమ్మ రెండో వైపు నుంచి పట్టుకునే ఉందన్నమాట. అమ్మమ్మ భుజంలో ముఖం దాచుకుని ఏడ్చింది. డార్సీ చెప్పులు విడిచి వచ్చి, ఇద్దరి వెనకా నిలబడి తల్లి జుట్టు సర్దింది.

సరస్సు మీంచి గాలి రావడం మొదలైంది. బిర్చ్ ఆకులు వెండి రేకుల్లా తిరగబడ్డాయి.

"పొద్దు ఉంది కదా" అంది ఐలీ. "లేచి ఇంకోటి విసురు."

ఎలిన్ కళ్ళు తుడుచుకుని లేచింది. పాదాలు సర్దుకుని, నడుము తిప్పి వదిలింది. డిస్క్ వెలుగులో తేలుతూ పోయి, గొలుసుల పక్కనుంచే జారి గడ్డిలో వాలింది.

"తగల్లేదు అమ్మమ్మా."

"వినపడింది లే" అంది ఐలీ. "మళ్ళీ విసురు."