నాలుగు ఎలుకల పెట్టె

"నాలుగు ఎలుకలు. అవి దేశం దాటకూడదు. అదే నీ మిషన్," అన్నాడు చీఫ్.

ఏజెంట్‌కు నవ్వొచ్చింది. చీఫ్ మొహం చూసి మింగేశాడు.

రొమ్ము క్యాన్సర్‌తో పోయిన ఒకావిడ కణితిలోంచి తీసిన ముక్కను ఆ ఎలుకల్లో అతికించి పెంచుతున్నారు. ఏ మందుకూ లొంగని ఆ కణితి ఒక కొత్త మందుకు కరగడం మొదలుపెట్టింది. ఆ కణజాలం ఇంకెక్కడా బతికి లేదు. ఒక విదేశీ ముఠా కన్ను దానిమీద పడింది.

"ల్యాబ్‌లో డాక్టరమ్మ ఉంది. మనకు వేగుగా నువ్వు తెచ్చిన మనిషే. రెండువైపులా ఆడుతోందేమో?"

"ముఠా దగ్గర మనకోసమే నటిస్తోంది సార్. పూచీ నాది."

మూడు నెలలు పంజరాలు కడిగేవాడి వేషం. ఎలుక బెదరకుండా ఎలా ఎత్తాలో డాక్టరమ్మే నేర్పింది. నోరారా "తమ్ముడూ" అని పిలిచేది. తోబుట్టువులు లేని మనిషి, కరిగిపోయాడు.

ఒక మధ్యాహ్నం ఆమె చెవిలో చెప్పింది. "ఇవాళే వస్తున్నారు తమ్ముడూ. వెనక గేటు దగ్గరుండు. 'వెన్నెల' అని సంకేతం చెప్పినవాణ్ని పట్టుకో."

అరగంటైనా పురుగు కూడా రాలేదు. అప్పుడు వెలిగింది. తనను కావాలనే ఇక్కడికి పంపింది. ముందు గేటుకు పరుగెత్తాడు.

వ్యాన్ ఇంజిన్ ఆన్‌లో ఉంది. నల్ల కళ్లద్దాలు, ఎర్రని లిప్‌స్టిక్, చేతిలో సీలు వేసిన పెట్టెతో డాక్టరమ్మ.

"ఎప్పట్నుంచి అక్కా?"

"నువ్వు పూచీ పడ్డ రోజుకు ముందే."

అతను జేబులోంచి పెన్ను తీశాడు. అందులో ఉన్నది నొక్కితే దూసుకెళ్లే మత్తు సూది. ఆమె బొటనవేలు మూత క్లిప్పు మీదకు జరిగింది.

"వీటికి రోగనిరోధక శక్తి లేదు. మూత తీస్తే చావడానికి ఈ దుమ్ము చాలు. నీకు నేర్పింది నేనే కదా!"

అతను పెన్ను దించాడు. ఆమె నవ్వి, వ్యాన్ ఎక్కడానికి తలుపు పట్టుకుంది. ఒక్క క్షణం బొటనవేలు క్లిప్పును వదిలింది.

టిక్!

సూది ఆమె మెడలో దిగింది. పెట్టె జారింది. అతను బోర్లా దూకి, నేలకు జానెడు ఎత్తులో పట్టుకున్నాడు. ల్యాబ్ సెక్యూరిటీవాళ్లు పరుగున వచ్చి గేటు మూసి డ్రైవర్‌ను కిందికి లాగారు.

"తమ్ముడూ..." అంటూ డాక్టరమ్మ కళ్లు మూతపడ్డాయి. సూది ఆమెకు గుచ్చుకుంది గానీ, ఆ పిలుపు అతనికి గుచ్చుకుంది.

సాయంత్రం చీఫ్ భుజం తట్టాడు. "తర్వాత ఏ పోస్టింగ్ కావాలి?"

"ఈ పంజరాల దగ్గరే ఉంచండి సార్. ఎలుకలు కరిచినా ఎదురుగానే కరుస్తాయి."