‘ఔ’ అంటే నోరు తెరవాలి

"ఏయ్ పడవమనిషీ, ఆవలి ఒడ్డుకు తీసుకెళ్తావా?"

ఇస్త్రీ కొట్లో బల్లకు అవతల నిలబడి అడిగింది మిరియం. బల్ల మీద మందుల షాపాయన తెల్లకోటు పరిచి ఉంది. దాని మీద అమ్మ ఇస్త్రీ పెట్టె నడుస్తోంది.

"ఎక్కు," అంది అమ్మ, పెట్టె ఆపకుండానే. "నీళ్ల వైపు చూడకు. ఒడ్డు వైపు చూడు. భయమేస్తే నా మొహం చూడు."

అది అమ్మ మామూలు గొంతు కాదు. "రేపు సాయంత్రం రండి", "ఈ మరక పోదండీ" అనేది మామూలు గొంతు. ఇది లోతైనది. ఆదివారం హాల్లో వేసే నాటకంలో అమ్మ పడవ నడిపే మనిషి. బడి వదిలాక వచ్చి ప్రయాణికుడి మాటలు అందించడం మిరియం పని. మనిషి చిన్నది, నోరు ఘాటు. అందుకే అందరూ మిరియం అంటారు.

"మీ అమ్మ ఎవరితో మాట్లాడుతోందే?"

వెనక్కి తిరిగితే కళ్లజోడు. మందుల షాపాయన కూతురు, మిరియం క్లాసే. నాన్న కోటు కోసం వచ్చింది.

"నాటకానికి ప్రాక్టీసు," అంది మిరియం.

"అయితే మీ అమ్మ నటా? టీవీలో వస్తుందా?"

"రాదు."

"పోనీ, డబ్బులిస్తారా?"

"ఇవ్వరు."

"మరి నటి ఎట్లా అవుతుంది? మా షాపులో కూచున్నానని నేను డాక్టర్ని అయిపోతానా?"

మిరియానికి చెవులు వేడెక్కాయి. గోడ మీద నాటకం పోస్టరు ఉంది. ‘ఔత్సాహిక నటీనటుల ప్రదర్శన’ అని రాసుంది. ఆ మొదటి మాట ఏమిటో తనకు తెలియదు. తెలియనప్పుడు ఊరుకోవచ్చు. ఊరుకోలేదు.

"అదేలే, ఉత్తుత్తి నటి. ఊరికే, టైంపాస్‌కి."

ఇస్త్రీ పెట్టె ఆగింది. వెంటనే మళ్లీ కదిలింది. అమ్మ కోటు మడతపెట్టి, కాగితం చుట్టి ఇచ్చింది.

"నలగకుండా పట్టుకెళ్లమ్మా," అంది మామూలు గొంతుతో.

డబ్బులిస్తేనే నిజం, లేకపోతే ఉత్తుత్తి అని పిల్లలకు ఎవరు నేర్పారు? ఇంకెవరు, పెద్దవాళ్లమే.

మర్నాడు మిరియం బడి సంచీ కింద పడేసి, "ఏయ్ పడవమనిషీ," అని మొదలుపెట్టింది.

"చాల్లేవే. దుప్పట్లు బోలెడున్నాయి," అంది అమ్మ.

సాయంత్రం పోస్టాఫీసు మామయ్య వచ్చాడు. పోస్టాఫీసులో స్టాంపులు అమ్ముతాడు, సెలవు రోజుల్లో నాటకాలు వేయిస్తాడు.

"వేరే ఎవర్నైనా చూసుకో అన్నయ్యా. నాకు తీరిక లేదు," అంది అమ్మ.

"ఎప్పుడుంది నీకు తీరిక? అయినా వచ్చేదానివి కదా. ఏమైంది చెల్లెమ్మా?"

అమ్మ ఇంకో చొక్కా బల్ల మీదికి లాగింది. కాలర్ మీద నీళ్లు చిలకరించింది.

"నువ్వు లేకపోతే పడవ లేదు, పడవ లేకపోతే నాటకం లేదు," అన్నాడు మామయ్య. "శనివారం దాకా చూస్తా. నువ్వు కాదంటే పోస్టర్లు చింపేస్తా."

ఆ వారమంతా కొట్టు చప్పుడు లేకుండా పోయింది. ఇస్త్రీ పెట్టె బుస్సుమనడం, బట్టలు దులపడం, అంతే. అమ్మ అన్నం పెట్టింది, జడ వేసింది, హోంవర్క్ అడిగింది. అన్నీ మామూలు గొంతుతోనే. ఆ రెండో గొంతు ఎటు పోయిందో.

మిరియం పళ్లు తోముకుంటూ అద్దం ముందు రెండు పాత్రలూ తనే చెప్పి చూసింది. "ఎక్కు. నీళ్ల వైపు చూడకు." పీలగా వచ్చింది. ఆ గొంతుతో పడవ కదల్లేదు.

ఒకరోజు బడి నుంచి వస్తుంటే, కొట్లో అమ్మ పెదవులు ఆడుతూ కనిపించాయి. మిరియం గుమ్మంలోకి పరుగెత్తింది. పెదవులు ఆగిపోయాయి.

"సారీ అమ్మా."

"దేనికే? ఉన్న మాటేగా అన్నావు."

శుక్రవారం మిరియం తెలుగు టీచర్ దగ్గరికెళ్లింది.

"ఔత్సాహిక అంటే ఏంటి టీచర్?"

"నన్నడుగుతావేం? మాట విప్పి చూడు. లోపల ఏముంది?"

మిరియం పెదవుల మీద తిప్పింది. ఔత్సాహిక... ఉత్సాహిక... "ఉత్సాహం?"

"అదే. ‘ఉ’ కాస్తా ‘ఔ’ అయింది."

"డబ్బులివ్వరని కాదా టీచర్?"

"అందులో డబ్బు అనే ముక్క కనబడిందా నీకు?"

"లేదు."

"‘ఉ’ అను." మిరియం మూతి ముడిచింది. "ఇప్పుడు ‘ఔ’ అను." నోరు తెరుచుకుంది. "చూశావా, నోరు తెరవందే ఆ మాట రాదు. పో, గంట కొట్టారు."

శనివారం మధ్యాహ్నం అమ్మ బల్ల నిండా నీలం గుడ్డ పరుచుకుంది. నాటకంలో అదే ఏరు. ఇద్దరు చెరో కొస పట్టుకుని ఊపితే అలలు లేస్తాయి. దాన్ని చివరిసారి ఇస్త్రీ చేసి ఇచ్చేద్దామని. పోస్టాఫీసు మామయ్య స్టూలు మీద కూచుని గుడ్డ కోసం ఎదురుచూస్తున్నాడు. గోడ మీది పోస్టరు వైపు చూసి చూపు తిప్పుకుంటున్నాడు. కళ్లజోడు నాన్న షర్టులతో వచ్చింది.

"ఇవాళ ఉత్తుత్తి నాటకం లేదా?" అంది.

మిరియం లేచి నిలబడింది.

"ఉత్తుత్తి కాదు. ఆ మాట నేనే తప్పు చెప్పాను. మా అమ్మ ఔత్సాహిక నటి." నోరంతా తెరిచి అంది. ఎదురు కొట్టువాడు కూడా తల తిప్పాడు.

"అంటే?"

"అంటే ఇష్టంతో చేసేది. ఎవరూ డబ్బులివ్వకపోయినా, కాళ్లు నొప్పులు పుట్టినా చేసేది."

అమ్మ తల ఎత్తలేదు. మిరియం బల్ల అవతలికెళ్లి నీలం గుడ్డ కొస పట్టుకుంది. మెల్లగా ఊపింది. ఇస్త్రీ చేసిన ఏట్లో ఒక అల లేచింది.

"ఏయ్ పడవమనిషీ, ఆవలి ఒడ్డుకు తీసుకెళ్తావా?"

"ముడతలు పడుతుందే, వదులు," అంది అమ్మ.

మిరియం వదల్లేదు. కళ్లలో నీళ్లు వస్తున్నా ఊపుతూనే ఉంది.

"ఆవలి ఒడ్డుకు తీసుకెళ్తావా? చాలాసేపట్నుంచి ఇక్కడే ఉన్నాను."

చివరి ముక్క నాటకంలో లేదు.

అమ్మ ఇస్త్రీ పెట్టె నిలబెట్టింది. ప్లగ్ తీసింది. గుడ్డ రెండో కొస చేతిలోకి తీసుకుంది.

"ఎక్కు," అంది.

లోతైన గొంతు.