నూటముప్పై ఏడుకు అవతల

నగరిలో అమావాస్య నాడు మగ్గం ఆడించరు. నెల పొడుగునా వీధంతా చెవులు చిల్లులు పడేలా మోగే పవర్‌లూములు ఆ ఒక్కరోజు నోరు మూసుకుంటాయి. చంద్రిక మాత్రం ఆ సాయంత్రం తన మగ్గాల షెడ్డు తలుపు తీసింది.

"అమావాస్య గదక్కా, పని ముట్టొచ్చునా?" అన్నాడు రేణిగుంట నుంచి వచ్చిన కంప్యూటర్ మెకానిక్ ప్రతాప్.

"ముట్టకూడదన్నది మగ్గాన్ని. కంప్యూటరు మగ్గమా ఏంది? కానీప్పా."

ఏ అంచు నెయ్యాలో మగ్గానికి చెప్పే అట్టలకు చిల్లులు కొట్టే మిషను ఆ పాత కంప్యూటరు మాట తప్ప ఎవరి మాటా వినదు. దాని హార్డ్‌డిస్క్ కొన్నాళ్ళుగా కీచుమంటోంది. ఆమె పెదనాయన దొరస్వామి గీసిన చీర అంచుల డిజైన్లన్నీ అందులోనే ఉన్నాయి. అవి పోతే ఉన్న మగ్గాలు పాత ఇనుము కింద అమ్ముకోవాల్సిందే. ఆ మహానుభావుడు బతికినన్నాళ్ళూ ఆమెను మౌస్ ముట్టనివ్వలేదు. "నా అంచులు నాతోనే పోవాల" అంటూనే పోయిన ఏడు పోయాడు. తమ్ముడి కూతురు ఏం తిని బతుకుతుందో ఆయనకు పట్టలేదు.

పాత సైజు డిస్కులు ఇప్పుడు దొరకవు. ప్రతాప్ తెచ్చింది చాలా పెద్దది.

"నీ పాత కంప్యూటరుకు ఇందులో నూటముప్పై ఏడు జీబీల దాకానే కనిపిస్తాదక్కా. అవతల రాయబోతే సుట్టు తిరిగొచ్చి మొదట ఉండేదాన్ని చెరిపేస్తాది. అందుకే ముందు భాగం మటుకే వాడేట్టు పెట్టినా. అవతలంతా ఖాళీ."

అంచులన్నీ కొత్త డిస్కులోకి ఎక్కించి, టీ తాగొస్తానని వెళ్ళాడు.

షెడ్డులో నిశ్శబ్దం. అమ్మ బతికున్నన్నాళ్ళూ నూలుకు పట్టించిన గంజి వాసన, నూనె వాసన. కాసేపటికి ముక్కుపొడి వాసన కూడా... పెదనాయన వాడే ముక్కుపొడి.

డిస్కు దీపం మిణుకుమంది. చంద్రిక ఏమీ ముట్టలేదు. తెరమీద మొదటి అంచు ఒక్కో వరుసే మాయమవుతోంది...

చెయ్యి ప్లగ్గు దాకా పోయింది. ఆగింది. మధ్యలో పీకితే మిగిలినవీ పోతాయి. ఆమెకు భయం వేసింది. అంతకంటే ఎక్కువగా ఒళ్ళు మండింది.

"అట్నా పెదనాయనా? నువ్వు చెరుపు. నేను గీస్తా."

మౌస్ పట్టింది. చెరిగిన ప్రతి వరుసలోనూ తన అంచు గీసింది. వెనక ఎవరో ఊపిరి వదిలారు.

"వద్దు..."

"వద్దంటే మానేదాన్నయితే ఈ పొద్దు తలుపే తీసుండను."

గీస్తూనే ఉంది. వేళ్ళు మొద్దుబారాయి. దీపం ఆరింది. తెరమీద ఆమె అంచు నిలిచింది.

ప్రతాప్ తిరిగొచ్చాక, జరిగింది విని, డిస్కు విప్పి తన ల్యాప్‌టాప్‌కు తగిలించాడు. తెర దగ్గరికి వంగాడు.

"అక్కా... అవతల ఖాళీగా లేదు. నిండిపోయి ఉండాది. ఒకటే డిజైను."

ఆ పాత కంప్యూటరుకు అక్కడ రాయడం చేతకాదు. అతను తెరిచాడు. గళ్ళు గళ్ళుగా ఒక బొమ్మ. కంప్యూటరు ముందు చంద్రిక. వెనక, గోడకానుకుని, చేతులు కట్టుకుని పెదనాయన. మౌస్ మీద ఆమె చేతిని పట్టుకుని ఇంకో చెయ్యి... గాజుల చెయ్యి.

"ఎవురక్కా అది?" గుసగుసగా అడిగాడు.

"ఎవురైతే ఏం? అట్టలు కొట్టు. రేపు మగ్గమెక్కిస్తా."

అంటూ కుడిచెయ్యి చూసుకుంది. మణికట్టు మీద తెల్లగా నాలుగు వేళ్ళ అచ్చు. గంజి.

ఇంకా తడి ఆరలేదు.