నాలుగో కాగితం

కుర్చీ చూపించినా పెద్దాయన కూర్చోలేదు. చేతిలోని ఉత్తరం బల్ల మీద పెట్టాడు.

"అమ్మా, నన్ను దొంగని చేశారు," అన్నాడు డిటెక్టివ్‌తో.

డెబ్భై దాటిన మనిషి. వాతావరణ పరిశోధన కేంద్రంలో ముప్పై ఒక్క ఏళ్లు, రోజూ పొద్దున ఎనిమిదింటికి రెయిన్‌గేజి దగ్గరికి వెళ్లి, పడిన నీటిని గాజు కొలగొట్టంలో పోసి కొలిచి, నోటుపుస్తకంలో రాశాడు. అందుకే అందరూ వాన మాస్టారు అంటారు. పోయినేడు ఆ అంకెలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, ఏ శాస్త్రవేత్తయినా వాడుకోవచ్చని బయటపెట్టారు. వాడుకున్నవాళ్లు ఇప్పుడు ఉత్తరం రాశారు. ఒకచోట వరసగా కొన్ని రోజుల అంకెలు అంతకుముందు ఏడాదివేనట, చుక్క తేడా లేదట. అవి అబద్ధమైతే మిగతావి నమ్మేదెలా అని అడిగారు.

"శుక్రవారం కమిటీ కూర్చుంటుంది. ముప్పై ఒక్క ఏళ్లూ తీసి పారేస్తారట!"

"ఇంతకీ కాపీ కొట్టారా మాస్టారూ?"

"కొట్టానమ్మా."

పక్కనే నోట్సు రాసుకుంటున్న అసిస్టెంటు నోరెళ్లబెట్టాడు. కోర్టులో టైపిస్టుగా రిటైరైన మనిషి, డిటెక్టివ్ కన్నా పాతికేళ్లు పెద్ద. ఆమె బాబాయ్ అంటుంది, ఆయన మాత్రం మేడమ్ అనే అంటాడు. ఆమె తెలివంటే ఆయనకి అంత గౌరవం.

"పంతొమ్మిది రోజులు," అన్నాడు మాస్టారు. "మా ఆవిడ ఆస్పత్రిలో ఉంది. గేజి దగ్గరికి వెళ్లలేకపోయాను. గడి ఖాళీగా వదిలితే పైఆఫీసు నెల మొత్తం తిప్పి పంపేది. అందుకని పాత ఏడాది అంకె వేసి, పక్కన పెన్సిల్‌తో నక్షత్రం పెట్టాను. అంకెలతో పాటు నాలుగు కాగితాల వివరం రాసిచ్చాను కదమ్మా! నాలుగో దాంట్లో రెండే సంగతులు. నక్షత్రమున్న అంకె కొలిచింది కాదు, వాడొద్దు అని ఒకటి. ఉద్యోగంలో పన్నెండో ఏట కొలగొట్టం పగిలింది, కొత్తది పదోవంతు తక్కువ చూపిస్తుంది, అంత కలుపుకోండి అని రెండోది. ఇప్పుడు అడిగితే అసలు నాలుగో కాగితమే లేదంటున్నారు."

మర్నాడు కేంద్రానికి వెళ్లారు. డైరెక్టరు ఒంటికాలి మీద లేచాడు.

"నాలుగో కాగితం లేదు, నక్షత్రాలూ లేవు! ముసలాయన ఇప్పుడు అల్లుతున్నాడు."

"వివరం మీరు చదివారా?"

"చదవకుండా సంతకం పెడతానా?"

"అయితే కొలగొట్టం సంగతి?"

"కొలగొట్టమేంటి?"

ఆమె ఫైలు అడిగి తీసుకుంది. అందులో వివరం మూడే పేజీలు, టైపు చేసి ఉన్నాయి.

ఇన్వర్డు గుమస్తా చేతులు దులిపేసుకున్నాడు. "నాకు చేతిరాత కాగితాలే ఇచ్చారండీ. ప్రతిదాని వెనకా తేదీ ముద్ర కొట్టి డైరెక్టరుగారి గదిలో పెట్టాను. ఎన్నో లెక్కపెట్టలేదు. అది నా పని కాదు."

ఆ గదిలో రెండు బల్లలు. ఒకటి డైరెక్టరుది. రెండోది మాస్టారి కూతురిది. ఆవిడ అక్కడే జూనియర్ శాస్త్రవేత్త, డైరెక్టరుకి వచ్చే కాగితాలన్నీ ముందు ఆవిడే చూస్తుంది.

"నా బల్ల మీదికి టైపు కాగితాలే వచ్చాయండీ," అంది కూతురు. "పాపం నాన్న! మూడు రోజులుగా ముద్ద ముట్టడం లేదు. ఎవరు చేశారో వాళ్ల చేతులు పడిపోను!"

డిటెక్టివ్ నోటుపుస్తకాలు తిరగేసింది. గేజిలో ఆకులు అడ్డుపడిన రోజులకి మాస్టారు పెట్టిన పెన్సిల్ త్రికోణాలు చెక్కుచెదరలేదు. ఆ పంతొమ్మిది రోజుల పక్కన మాత్రం రబ్బరుతో చెరిపినట్టు కాగితం నూగు లేచింది.

"ఇది మాస్టారి శత్రువు పనే మేడమ్," అన్నాడు అసిస్టెంటు కోపంగా. "డైరెక్టరు మొహంలోనే ఉంది."

"మూడో పేజీ ఆఖరి రెండు లైన్లు చదువు బాబాయ్."

చదివాడు. కొత్త కొలగొట్టం, పదోవంతు కలుపుకోవడం. మళ్లీ మొదటినుంచి చదివాడు.

శుక్రవారం కమిటీ ముందు అందరూ కూర్చున్నారు. డిటెక్టివ్ గొంతు పెంచలేదు.

"నాలుగో కాగితం ఉంది. దాంట్లోని కొలగొట్టం సంగతి మూడో పేజీకి చేరింది, నక్షత్రాల సంగతి మాయమైంది. మాస్టారి పరువు తీయాలనుకున్నవాడు కాగితం మొత్తం చించేస్తాడు. ఇది చేసిన మనిషికి మాస్టారి అంకెలు నలుగురికీ పనికిరావాలి. ఆయన తప్పొప్పుకున్న మాట ఒక్కటే కనబడకూడదు. డైరెక్టరుగారు కొలగొట్టమేంటని అడిగారు. అంటే చదవకుండానే సంతకం పెట్టారు. గుమస్తా చేతిరాత కాగితాలు ఆ గదిలో పెట్టాడు. టైపు కాగితాలే వచ్చాయని అబద్ధమాడింది ఒక్కరే."

కూతురు తల ఎత్తలేదు. బ్యాగులోంచి మడతపెట్టిన కాగితం తీసి బల్ల మీద పెట్టింది. వెనక తేదీ ముద్ర ఉంది.

"చించడానికి చేతులు రాలేదు," అంది. "ముప్పై ఒక్క ఏళ్లలో పంతొమ్మిది రోజులు! వాటి కోసం నాన్నకి మచ్చ ఎందుకనుకున్నాను. ఉత్తరం వచ్చాక చెబుదామనుకున్నా, ఉద్యోగం పోతుందని భయమేసింది."

"మీ నాన్న దాచకుండా చెప్పారు కాబట్టి అవి ఆయన నిజాయితీ," అంది డిటెక్టివ్. "మీరు దాచారు, మోసమైపోయాయి."

కమిటీ పెద్ద తీర్పు చెప్పాడు. కాగితం తిరిగి చేరిస్తే అంకెలు ఉంటాయి. కానీ వివరంలో ఏది తీశారో, ఎవరు తీశారో, ఎందుకు తీశారో అంకెలు రాసిన మనిషే రాసి సంతకం పెట్టాలి. అది నియమం. తీసినవాళ్లకి ఈ కేంద్రంలో చోటుండదు.

"నాన్నా," అంది కూతురు చిన్నగా, "పొరపాటున జారిపోయిందని రాయి. చాలు. వీళ్లు మాత్రం వద్దంటారా?"

కమిటీ పెద్ద కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నిజంగానే ఎవరూ వద్దనేలా లేరు.

మాస్టారు కలం తీసుకున్నాడు. తేదీ, కూతురి పూర్తి పేరు, ఆమె ఏం తీసిందో, ఎందుకు తీసిందో, అన్నీ రాశాడు. ఒక్క అక్షరం వదల్లేదు.

కూతురు వంగి చదివింది. "అమ్మ చావుకీ గడి పక్కన ఒక గుర్తే పెట్టావు," అంది. "ఇప్పుడు నా వంతు."

బ్యాగు తగిలించుకుని వెళ్లిపోయింది. మాస్టారు సంతకం పెట్టి, కాగితం డిటెక్టివ్ వైపు జరిపాడు.

"ఇంకేమైనా రాయాలేమో ఒకసారి చూడమ్మా."

"అంతా సరిగ్గానే ఉంది మాస్టారూ," అంది ఆమె.

ఇంటిదాకా తోడొస్తానని అసిస్టెంటు లేచాడు. మాస్టారు వద్దన్నాడు. ఇంటి తాళంచెవి కూతురి దగ్గరే ఉండిపోయిందని మాత్రం చెప్పాడు.