పూర్తి ప్రతి

నేను అబద్ధాలకోరుని కాను. ఒకే ఒక్కటి ఆడాను, అదీ ఉత్తరంలో.

కొత్తవాళ్ళ నవలల్ని ప్రచురణకర్తలు నేరుగా చూడరు. ఏజెంటు ఒప్పుకుని తీసుకెళ్తేనే చూస్తారు. ఏజెంట్లకేమో మొదటి మూడు అధ్యాయాలు పంపి, నవల మొత్తం రాసేశానని ఉత్తరంలో హామీ ఇవ్వాలి. నేను రాసిందే ఆ మూడు. సుత్తితో మనుషుల్ని చంపేవాడి కథ. నచ్చాక మిగతాది కూర్చుని రాయొచ్చులే అనుకుని ఇద్దరు ఏజెంట్లకి పంపేశాను. రాయనిదాన్ని రాశానని ఎలా చెప్తావే అని అక్క చెడామడా తిట్టింది. అమ్మానాన్న పోయాక నాకున్నది అక్క ఒక్కతే, అందుకని నోరు మూసుకుని పడ్డాను.

మూడు వారాలకి, మధ్యాహ్నం మూడున్నరకి, మొదటి ఏజెంటు ఫోన్ చేశాడు. బయట ఎండ మండిపోతోంది. అక్క వంటింట్లో గిన్నెలు తోముతోంది. నవల పూర్తి ప్రతి పొద్దున్నే అందిందనీ, ఏకబిగిన చదువుతున్నాననీ అన్నాడు. ఈ రోజుల్లో చేత్తో రాసి పంపడమేంటని కాస్త విసుక్కున్నాడు కూడా. నేనేమీ పంపలేదు. పంపడానికి అసలంటూ ఉంటే కదా!

"ఏడో అధ్యాయంలో అక్కని చంపడం మాత్రం అదిరిందండీ," అన్నాడు. "చదవనా?"

చదివాడు. పచ్చ టైల్స్ వంటిల్లు. నురగ చేతులతో అక్క. మొదటి దెబ్బ కుడిచెవి వెనక. కింద పడ్డాక రెండోది నోటి మీద... పళ్ళు సింకు కిందిదాకా దొర్లాయి. మూడో దెబ్బకి ముఖమే మిగల్లేదు.

మా వంటింటి టైల్స్ పచ్చవే.

తల తిప్పి చూశాను. అక్క వెనక, ఫ్రిజ్ పక్కన, ఎవరో నిలబడి ఉన్నారు. ముఖం కనిపించడం లేదు. తుప్పు వాసన. సుత్తి మెల్లగా లేస్తోంది... అక్క ఏదో పాట కూనిరాగం తీస్తోంది... ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకున్నాను.

"ఆ పేజీ తీసేయండి," అన్నాను గుసగుసగా.

"ఎందుకండీ, బాగుంటేనూ?"

"మా అక్క చావకూడదు. ఇంకెవరైనా చావనీండి. మీకు దణ్ణం పెడతాను."

మొదటి నవల రాసేవాళ్ళంతా ఇంతే అని నవ్వాడు. కాగితం చిరిగిన చప్పుడు వినిపించింది. ఫ్రిజ్ పక్కన ఎవరూ లేరు.

"ఎవరు మీరు?" అన్నాడు ఫోన్లో. నాతో కాదు.

తడిబట్టని బండకేసి బాదినట్టు ఒక చప్పుడు. కేక. రెండోది. నోట్లో ఏదో నిండిపోయినట్టు గరగరలాడుతూ అమ్మని పిలిచాడు... మూడోది. తర్వాత ఎవరిదో నిదానమైన ఊపిరి. పేజీ తిప్పిన చప్పుడు.

నేనే చంపించాను. ఆ సంగతి నాకు తెలుసు. అయినా అక్కని వాటేసుకుని ఏడుస్తుంటే సంతోషమే వేసింది, సిగ్గు రాలేదు. తడి చేతులే, వదులు అని అక్క విదిలించుకుంది.

మర్నాడు మధ్యాహ్నం రెండో ఏజెంటు ఫోన్ చేసింది. పూర్తి ప్రతి అందిందట. ఏజెంటుని చంపే ఘట్టం చదివాక మంచినీళ్ళు కూడా దిగలేదట.

"ఒక్క సందేహమండీ. చెల్లెల్ని చంపడానికొచ్చినవాడికి అక్కే ఎందుకు తలుపు తీస్తుంది?"

హాల్లో గడియ తీసిన చప్పుడైంది.

"రండి," అంటోంది అక్క మెల్లగా. "లోపలే ఉంది."