ఆరో మంచం తల్లి

పిల్లల వార్డులో మధ్యాహ్నం రెండు కాగానే పరదాలు దించేస్తారు. నాలుగింటి దాకా పిల్లలు నిద్రపోవాలి. ఆ రెండు గంటలూ డాక్టరు రాడు. చుట్టాలు రారు. మంచానికి ఒక్క తల్లి మాత్రం లోపల ఉంటుంది. నర్సమ్మ బయట నుంచి తలుపు గడియ పెట్టి భోజనానికి వెళ్ళిపోతుంది.

ఆ రోజు ఆరో మంచం దగ్గర తల్లికి బదులు పిన్ని కూర్చుంది.

పిన్ని అంటే ఏ ముప్పై ఏళ్ళ మనిషో అనుకునేరు. ఇరవై నిండిన పిల్ల. కుట్టు దుకాణంలో కాజాలు కుడుతుంది. సూదిలో దారం ఎక్కిస్తూ ఎక్కడెక్కడికో వెళ్ళిపోయే రకం. "నీ వేలు కూడా కలిపి కుట్టేసుకుంటావు ఏదో ఒకరోజు" అని మాస్టారు రోజూ తిడతాడు. ఆమెకి ప్రాణమైనవాళ్ళు ఇద్దరే ఇద్దరు. ఒకరు అక్క. రెండోది అక్క కూతురు, ఐదేళ్ళది; దాని తమ్ముడింకా ఒళ్ళో పిల్లాడే. గింజలు ఏరుకున్నట్టు తింటుందని దాన్ని పిచ్చుక అంటారు.

పిచ్చుకకి మెదడువాపు జ్వరం. పదకొండు రోజులైంది. పొద్దున్నే జ్వరం దిగుతుంది, కళ్ళు తెరుస్తుంది, పాలు అడుగుతుంది. హమ్మయ్య అనుకునేలోపు మధ్యాహ్నం రెండింటికి మళ్ళీ ఒళ్ళు పెనంలా కాలిపోతుంది. డాక్టరు మందు మార్చాడు, సూది మార్చాడు, చివరికి తల గోక్కున్నాడు. "ఇంకొక్కసారి ఇలా ఎక్కితే పిల్ల తట్టుకోలేదు" అన్నాడు నిన్న.

పదకొండు రోజులూ పిన్ని కిటికీ అద్దానికి ముక్కు ఆనించి బయటే నిలబడింది. మంచానికి ఒకే కార్డు ఇస్తారు. ఆకుపచ్చ అట్ట మీద మంచం నంబరు, కింద 'తల్లి' అన్న మాట. పేరు ఉండదు. కార్డు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే తల్లి. "ఒక్క పూట నాకివ్వవే అక్కా" అని బతిమాలితే అక్క ఎప్పుడూ ఇవ్వలేదు. ఇవాళ తనే పిలిచి చేతిలో పెట్టింది.

"స్నానం చేసి వస్తానే. నువ్వు కూర్చో. ఇదిగో, నా శాలువా కప్పుకో, కాస్త తల్లిలా కనిపిస్తావు."

"తలుపు దగ్గర పుస్తకంలో నీ పేరే రాయాలా?"

"వద్దు. నీ పేరే రాయి. తల్లి అన్నచోట నీ పేరు రాసి, సంతకం నువ్వే పెట్టు." అక్క ఒక్క క్షణం ఆగి, చెల్లెలి చెంప నిమిరింది. "ఎవరడిగినా తల్లినేనని చెప్పు. తెలిసిందా? ఎవరడిగినా."

ఆ చెంప నిమిరిన చెయ్యి మంచులా ఉంది. పాపం, భయంతో అలా అయిపోయిందనుకుంది పిన్ని. జాలితో కళ్ళు చెమర్చాయి కూడా. తలుపు దగ్గరున్న పుస్తకంలో గుండ్రటి అక్షరాలతో తన పేరు రాసింది.

వార్డులో తల్లులని మంచం నంబరుతోనే పిలుస్తారు. ఐదో మంచం తల్లి పిన్నిని చూడగానే బుగ్గన వేలేసుకుంది.

"ఏమమ్మోయ్ ఆరో మంచం తల్లీ, పొద్దుటికీ ఇప్పటికీ పదేళ్ళు తగ్గిపోయావే! ఏం సబ్బు రాశావు? నాకూ ఒక ముక్క విరిచి ఇవ్వరాదూ?"

అందరూ నవ్వారు. పిన్ని కూడా నవ్వింది. కానీ ఆ నవ్వు ఎవరో కత్తెరతో కత్తిరించినట్టు టక్కున ఆగిపోయింది. ఐదో మంచం తల్లి పిన్ని వైపు మరోసారి చూసి, ఏదో అనబోయి, మానేసి, గోడ వైపు తిరిగి పడుకుంది.

రెండయింది. పరదాలు దిగాయి. గడియ పడింది.

బయట ఎండ పెళపెళలాడుతోంది. ఆ ఎండ పరదాల్లోంచి వడగట్టుకుని, టీ డికాక్షన్ రంగులో లోపలికి దిగింది. ఎనిమిది మంచాలూ ఆ రంగులో మునిగిపోయాయి. పిన్నికి అది కూడా అందంగానే కనిపించింది. తేనెలో కూర్చున్నట్టుంది అనుకుంది. పిచ్చుక చిట్టి వేళ్ళని తన వేళ్ళలో వేసుకుని, దీనికి తగ్గాక ఎలాంటి గౌను కుట్టాలా అని ఊహల్లో పడింది. మెడ చుట్టూ కుచ్చులు. జేబు ఒకటి.

ఫ్యాను ఆగింది.

కరెంటు పోయిందనుకుంది. కానీ గోడ మీద ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. ఈగ వాలితే వినిపించేంత నిశ్శబ్దం. మందుల వాసన మెల్లగా వెనక్కి తగ్గి, దాని స్థానంలో మరో వాసన వచ్చింది. ఏళ్ళ తరబడి మూసి ఉంచిన బట్టల పెట్టె మూత తీసినట్టు. అందులో చిన్నపిల్లల బట్టలు ఉన్నట్టు.

చప్... చప్...

తడి నేల మీద ఉత్త పాదాలు. వార్డు ఆ చివర ఎవరో నడుస్తున్నారు.

తెల్లటి బట్టల్లో ఒక ఆడమనిషి. ఆయా కాబోలు. గడియ తీసిన చప్పుడు మాత్రం కాలేదు. ఒకటో మంచం దగ్గర వంగింది. రెండో మంచం దగ్గర వంగింది. ఆమె వంగినచోటల్లా నిద్రపోతున్న పిల్లలు, తెలిసినవాళ్ళకి చోటిచ్చినట్టు, పక్కకి జరుగుతున్నారు. నడకలో ఏదో తేడా ఉంది. కాసేపటికి గానీ పిన్నికి అర్థం కాలేదు. చంకన బిడ్డనెత్తుకున్న వాళ్ళలా నడుము ఒక పక్కకి ఒరగేసి నడుస్తోంది. నాలుగడుగులు వేసి, బరువు మార్చుకున్నట్టు రెండో పక్కకి ఒరుగుతోంది.

చంకలో ఏమీ లేదు.

ఆరో మంచం కాళ్ళ దగ్గర వచ్చి నిలబడింది. వెనక పరదా వెలుగు. ముఖం కనపడలేదు.

"ఆరో మంచం తల్లి ఎవరు?"

గొంతు మెత్తగానే ఉంది. పిన్ని అలవాటు కొద్దీ లేచి నిలబడింది.

"నేనేనండి."

"పేరు రాశావా?"

"రాశానండి..."

ఆమె తల ఊపింది. అప్పుడు పిన్ని చేతిలోని చిట్టి వేళ్ళు బిగుసుకున్నాయి. పిచ్చుక కళ్ళు తెరిచి ఉంది.

"పిన్నీ... ఆవిడ మళ్ళీ వచ్చింది."

"ఎవరే? ఆయానా?"

"కాదు. రోజూ వస్తుంది. అమ్మనే అడుగుతుంది, తల్లివి నువ్వేనా అని." పిచ్చుక పెదాలు తడుపుకుంది. "అమ్మ కాదంది. నేను పిన్నిని, దీని తల్లి రేపొస్తుంది అని చెప్పింది."

పిన్నికి ఆ మాటలు ఒక్కొక్కటిగా లోపలికి దిగాయి. మొదట చెవిలోకి. తర్వాత కడుపులోకి. శాలువా. సొంత సంతకం. ఎవరడిగినా. మంచులాంటి ఆ చెయ్యి భయంతో చల్లబడింది నిజమే, కానీ ఎవరి కోసం భయం? నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారు. తోడబుట్టినదాని దగ్గర కూడా గింజ గింజా కొరికి చూసుకోవాలని ఎవరు మాత్రం అనుకుంటారు?

"ఐదో మంచం అక్కా... అక్కా..." పక్కకి తిరిగి గుసగుసగా పిలిచింది. పలకలేదు. భుజం పట్టి కుదిపింది. ఆమె కళ్ళు గట్టిగా మూసి ఉన్నాయి. రెప్పలు అదురుతున్నాయి. నిద్రపోతున్న మనిషి రెప్పలు అంత బిగుసుకుపోవు...

అటు ఏడో మంచం తల్లి. ఎనిమిదో మంచం తల్లి. అందరూ అంతే. అందరికీ మెలకువే. అందరికీ తెలుసు. ఇందాక నవ్విన నవ్వు అందుకే తెగిపోయింది.

"ఆఖరిసారి అడుగుతున్నాను" అంది ఆమె. "కాదంటే కాదను. పిల్లని తీసుకుపోతాను. నా దగ్గర పిల్లలు చాలామంది ఉన్నారు... ఇక్కడే పోయినవాళ్ళు. తల్లి లేదు వాళ్ళకి. నేను మోయలేకపోతున్నాను. తల్లి దొరికితే పిల్లని వదిలేస్తాను."

పిచ్చుక ఒళ్ళు వేడెక్కుతోంది. పిన్ని అరచేతిలోనే... గోరువెచ్చగా... వెచ్చగా... కాలిపోతూ. పెదాలు నీలంగా మారాయి. కళ్ళు పైకి తిరిగిపోతున్నాయి.

పారిపోవచ్చు. కాదు అనొచ్చు. నిజమే కదా అది! నేను తల్లిని కాను, నాకింకా పెళ్ళే కాలేదు, నన్ను మోసం చేశారు అని అరవొచ్చు. నాలుక మీదకి వచ్చింది ఆ మాట.

"పిన్నీ..." అంది పిచ్చుక. అంతే, ఇంకేం అనలేకపోయింది.

"నేనే" అంది పిన్ని. "దీని తల్లిని నేనే."

ఆమె పొడుగ్గా ఊపిరి వదిలింది. ఎన్నో మైళ్ళు నడిచొచ్చి మూట దించిన మనిషి వదిలే ఊపిరి. నడుము నిటారుగా చేసుకుంది. ముందు ఒక చంక దులుపుకుంది. తర్వాత రెండోది.

ఫ్యాను తిరిగింది.

నాలుగింటికి గడియ తీశారు. పిచ్చుక లేచి కూర్చుని బ్రెడ్డు కావాలని పేచీ పెడుతోంది. నర్సమ్మ రెండుసార్లు జ్వరం చూసి, నమ్మలేక మూడోసారి చూసింది. డాక్టరు వచ్చి "గండం గడిచిందమ్మా, ఇక ఇంటికెళ్ళే ముహూర్తం చూసుకోండి" అని నవ్వాడు. ఐదో మంచం తల్లి మాత్రం బిడ్డ దుప్పటి మళ్ళీ మళ్ళీ సర్దుతూ తల ఎత్తలేదు.

అక్క గుమ్మంలో నిలబడింది. జుట్టు తడిగా లేదు. స్నానానికి వెళ్ళిన మనిషి మెట్ల మీదే కూర్చుందన్నమాట. ముందు కూతురిని చూడలేదు. చెల్లెల్ని చూసింది, తల నుంచి కాళ్ళ దాకా. ఆ చూపుతో పిన్నికి మిగిలున్న ఆ కాస్త ఆశా చచ్చిపోయింది.

"ఆవిడ ఎన్నిసార్లు అడిగింది నిన్ను?" అంది పిన్ని.

అక్క గోడకి జారబడింది. "రోజూ. ఇవాళే ఆఖరంది. ఇంట్లో చంటివాడున్నాడు కదే. ఎనిమిది నెలలు. నాకేమైనా అయితే వాడి గతేంటి?"

"నన్ను అడిగితే నేనే ఒప్పుకునేదాన్ని కదే అక్కా."



"ఒప్పుకోకపోతే?" అంది అక్క.

పిన్ని శాలువా తీసి, నాలుగు మడతలు పెట్టి, అక్క చేతుల్లో పెట్టింది. పిచ్చుక నుదుటి మీద ముద్దు పెట్టుకుని మెట్లు దిగింది. అక్క వెనక నుంచి పేరు పెట్టి పిలిచింది. తిరిగి చూడలేదు.

పిచ్చుక ఇంటికొచ్చింది. గింజలు ఏరుకునేది కాస్తా ఇప్పుడు కంచం నాకేస్తోందట. ఆ కబురు కూడా పక్కింటావిడ చెప్పింది. పిన్ని అక్కగారింటి వీధిలోకే వెళ్ళడం లేదు. పిల్ల నవ్వు వింటే చాలు, కరిగిపోతుంది. కరగకూడదని ఒట్టు పెట్టుకుంది.

పది రోజులు గడిచాయి. ఆమెకి ఏమీ కాలేదు. అదంతా పదకొండు రోజుల నిద్రలేమి వల్ల వచ్చిన కల అని సర్ది చెప్పుకుంది. అక్క చేసింది మాత్రం కల కాదు.

పదకొండో రోజు మధ్యాహ్నం దుకాణంలో మిషన్ల రొదలో కూర్చుని కాజా కుడుతోంది. మాస్టారు పక్క నుంచి వెళుతూ ఆగాడు. ఎటో చూస్తూ, ఇబ్బందిగా గొంతు సవరించుకున్నాడు.

"నీళ్ళేమైనా ఒలికాయేమో చూసుకో తల్లీ."

పిన్ని తల వంచి చూసుకుంది. జాకెట్టు ముందు భాగం తడిసి ముద్దయింది. వేలితో తాకింది. వెచ్చగా ఉంది. తెల్లగా ఉంది. వాసన చూసింది...

పాలు.

గోడ గడియారం రెండు కొట్టింది. దుకాణంలోని మిషన్లన్నీ తిరుగుతూనే ఉన్నాయి, చప్పుడు మాత్రం ఆగిపోయింది. బల్ల కింద, మోకాళ్ళ దగ్గర, ఎవరో బట్ట అంచు పట్టుకుని చిన్నగా లాగారు.

తర్వాత రెండో పక్క నుంచి.

తర్వాత వెనక నుంచి.