గులాబీ రంగు నీళ్ళు

"కొరీన్ అమ్ముడుపోయింది, తమ్ముడూ," అన్నాడు వెర్ల్ ఓస్ట్లర్.

ఏజెంట్ థేన్ హోల్ట్ చేతిలో కోకో కప్పు నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.

మార్చి నెల. దక్షిణ యూటా లోయలో సూర్యుడింకా రాతిగోడ దాటలేదు. ఆర్‌వీ, అంటే ఇల్లులాంటి ఆ బండి, కిటికీ అద్దానికి మంచు పట్టి ఉంది. క్యాంపులో కుళాయిలింకా తెరవలేదు, అందుకే ఉన్నవి రెండే బండ్లు. వెర్ల్ ఆర్‌వీ బస్సంత ఉంది. నిన్న రాత్రే వచ్చిన థేన్‌ది పాత పికప్ మీద బిగించిన డబ్బా. రిటైరైన పోస్ట్‌మాస్టర్ వేషానికి అది సరిగ్గా సరిపోయింది.

"ఎవరు చెప్పారన్నా?"

"ఒకళ్ళు చెప్పేదేంటి! నా కళ్ళతో చూశా. ఊళ్ళో నీళ్ళ ట్యాంకు నింపుకొచ్చి రెండు వారాలుగా ఈ బండిలోనే కాపురం. రోజూ తెల్లారగానే ఇదిగో, ఈ షవర్ కింద వేడినీళ్ళు పోసుకుంటూ ఆ చిన్న కిటికీలోంచి చూసేవాణ్ణి. ఆ ఎదుటి రోడ్డు మీదికి పరాయి దేశం ముఠా మనిషి వస్తాడు, కవరిస్తాడు, ఆవిడ నవ్వుతుంది. ఆ నవ్వు సంగతి నీకు తెలుసుగా."

తెలుసు. కొరీన్ వేల్ ముఠాలో చేరి, వీళ్ళ గూఢచారి డిపార్ట్‌మెంట్ కోసం పనిచేస్తున్న డబుల్ ఏజెంట్. ఆ నవ్వుతోనే ఇద్దరు రాయబారుల్ని జైలుకి పంపింది.

వెర్ల్ గొంతు తగ్గించాడు. "ఇంజనీర్ కొవార్‌ని ఆవిడే తెస్తోంది. ఉపగ్రహాల కళ్ళు కప్పే యంత్రం మొత్తం ఆ ముసలాయన బుర్రలోనే ఉంది. ముఠా చేతికి చిక్కితే చిత్రహింసలు పెట్టైనా అది లాక్కుంటారు. వాగు దాటే చోట ఆవిణ్ణి ఆపు. నన్ను దగ్గరికి రానివ్వదు, నిన్ను నమ్ముతుంది. కొవార్‌ని పాత ఎయిర్‌స్ట్రిప్‌కి తీసుకురా. లోయలోకి ఎండ దిగకముందే మన విమానం వస్తుంది."

టైర్లలో గాలి చూసే గేజి ఒకటి థేన్ చేతిలో పెట్టాడు. "ఈ మీట నొక్కితే సూది వస్తుంది. చంపదులే, నిద్రపుచ్చుతుందంతే."

తర్వాత ఇద్దరూ తలలు వంచారు. "ప్రభువా, ఈ నా తమ్ముణ్ణి క్షేమంగా ఇంటికి చేర్చు," అని ప్రార్థించాడు వెర్ల్. చర్చిలో ఎవరికైనా ఎవరైనా బ్రదరే. థేన్‌కి మాత్రం వెర్ల్ నిజంగానే అన్న. తన పాప ఆస్పత్రిలో ప్రాణం కోసం పోరాడుతున్నప్పుడు మూడు రాత్రులు మంచం పక్కనే కూర్చున్న మనిషి.

ఆర్‌వీ వెనక కట్టి తెచ్చుకున్న జీపు ఇంజన్ వేడెక్కించడానికి వెర్ల్ బయటికెళ్ళాడు. ఇంట్లో అలవాటు కొద్దీ థేన్ తాగిన కప్పు కడుగుదామని సింకు దగ్గర కుళాయి తిప్పాడు.

కుళాయి దగ్గింది. ఆ తర్వాత చిక్కటి గులాబీ రంగు నీళ్ళు కారాయి.

థేన్ చూస్తూ నిలబడ్డాడు. శీతాకాలంలో పైపులు పగలకుండా పోసే మందు అది. ఈ ప్రాంతంలో ఆర్‌వీ ఉన్న ప్రతివాడూ శరదృతువులో పోస్తాడు, వసంతంలో మొట్టమొదట దాన్ని కడిగేస్తాడు. షవర్ కుళాయి కూడా తిప్పాడు. అక్కడా గులాబీ రంగే.

ఈ బండిలో ఎవరూ స్నానం చెయ్యలేదు. షెడ్డులోంచి నిన్నో మొన్నో తెచ్చారు. మరి ఆ చిన్న కిటికీలోంచి చూసిందెవరు?

"ఏరా, ఇంకా కదల్లేదా?" బయటి నుంచి కేక.

"వస్తున్నా అన్నా." తన గొంతు మామూలుగానే ఉన్నందుకు థేన్‌కే ఆశ్చర్యమేసింది.

వాగు దగ్గర ఇసుకలో, థేన్ పికప్‌కి ఎదురుగా కొరీన్ బండి ఆగింది. మెడలో ఎర్ర స్కార్ఫ్, భుజాన మోచేతంత లెన్సున్న కెమెరా. వెనక సీట్లో దుప్పటి కప్పుకుని ఇంజనీర్ కొవార్.

"క్యాంపులో నీళ్ళు వదిలారా?" థేన్ కోడ్ ప్రశ్న వేశాడు.

"ఈస్టర్ దాకా లేవట," జవాబిచ్చి కొరీన్ నవ్వింది. "ఆ గడ్డమేంటి మహానుభావా? మేక నీ మీద కేసు పెడుతుంది."

థేన్ నవ్వలేదు. ఒకవైపు ఇరవై ఏళ్ళుగా అన్న అనుకున్న మనిషి, ఇంకోవైపు చెంచాడు గులాబీ నీళ్ళు. చేతిలో గేజి తడిసిన సబ్బులా జారుతోంది. ఎదురుగా ఉన్న ఎండుచెట్టు మొద్దుకి గురిపెట్టి మీట నొక్కాడు. సూది దిగిన చోట బెరడు పొగలు కక్కి నల్లబడింది.

కొరీన్ నవ్వు ఆగిపోయింది. "నా కోసమేనా?"

"నీ కోసమే. వెర్ల్ ఇచ్చాడు."

"ఈ దారిన రమ్మన్నదీ వెర్లే," అంది మెల్లగా.

"నాకింకా రూఢి కావాలి," అన్నాడు థేన్. "కాసేపు చచ్చినట్టు పడుకో."

వాగు ఒడ్డుని ఆనుకునే ఉన్న ఎయిర్‌స్ట్రిప్ అంతా బూడిదరంగు బంకమట్టి. రాత్రి గడ్డకడితే సిమెంటు రోడ్డే, ఎండ తగిలిందా వెన్నపూసే. ఇక్కడ పుట్టిన పైలట్ ఎవడూ ఎండెక్కాక దాని మీద దిగడు. గోడ మీద నుంచి ఎండ కిందికి జారుతోంది. థేన్ అలాగే కూర్చుని చూశాడు.

రేడియో గరగరలాడింది. "ఎక్కడ చచ్చావురా? ఎండ దిగిపోతోంది!"

"టైరు పంచరైంది అన్నా. కంగారెందుకు? మట్టి మెత్తబడితే మన పైలట్ వెనక్కి తిప్పేస్తాడు. మనం హైవే మీదుగా పోదాం."

అవతల రేడియో టక్కున కట్టయింది.

కాసేపటికి విమానం వచ్చింది. ఎండ తాకిన స్ట్రిప్ మీద, అడుగు మట్టి ఇంకా కరగకముందే, దర్జాగా దిగింది. థేన్ కళ్ళు మూసుకున్నాడు. మన వాళ్ళు కాదు.

ఎండ బాగా ముదిరాక వెర్ల్ జీపు వాగు దగ్గరికి దూసుకొచ్చి ఆగింది. ఇసుకలో పడి ఉన్న కొరీన్ని చూసి, "చచ్చిందా?" అన్నాడు.

"నిద్రపుచ్చుతుందన్నావుగా అన్నా."

వెర్ల్ పిస్తోలు తీశాడు. "నిన్ను చంపబుద్ధి కావట్లేదురా. అడ్డు రాకు." కొవార్‌ని జీపులోకి తోసి స్ట్రిప్ వైపు తిప్పాడు.

థేన్ వెనకే పరిగెత్తాడు. "ఆగన్నా! దిగబడతావు! నిజంగా చెబుతున్నా!"

నిజంగానే చెప్పాడు. వెర్ల్ నమ్మలేదు, ఇంకా గట్టిగా తొక్కాడు. జీపు పక్కకి జారి, ఒక చుట్టు తిరిగి, ఇరుసుల దాకా కూరుకుపోయింది. తలుపు తోసుకుని కొవార్ బురదలోకి దూకాడు. విమానంలోంచి ఇద్దరు దిగి ఆయన వైపు అడుగేశారు. మోకాళ్ళ దాకా దిగిపోయారు. కొవార్‌కి బారెడు దూరంలో వాళ్ళ చేతులు గాలిలోనే ఆగిపోయాయి. పైలట్ గాభరాగా విమానాన్ని తిప్పబోయాడు. ముక్కు వాలి ప్రొపెల్లర్ మట్టిలో నాటుకుంది.

తమకి దక్కనివాడు ఎవరికీ దక్కకూడదని వెర్ల్ కొవార్ మీదికి పిస్తోలెత్తాడు. ఇసుకలోంచి లేచిన కొరీన్ చేతిలో కెమెరా టప్పుమంది. పిస్తోలు ఎగిరి దూరంగా పడింది. ఆ లెన్సు ఫొటోలు తీసేది కాదు.

బూట్లకి చెరో మణుగు మట్టి అంటుకోగా థేన్ జీపు దగ్గరికి చేరాడు.

"పాప ఆస్పత్రిలో ఉన్నప్పుడు మూడు రాత్రులు కూర్చున్నావు. అప్పుడు ఎవరి కోసం పనిచేస్తున్నావన్నా?"

వెర్ల్ జీపు సీట్లో వెనక్కి వాలాడు. "అప్పుడు నీ కోసమేరా," అన్నాడు చివరికి.

అబద్ధం చెప్పి ఉంటే బాగుండేదనిపించింది థేన్‌కి. పొద్దున ఆ నోటితో చేసిన ప్రార్థన గుర్తొచ్చింది. తను క్షేమంగానే ఇంటికి వెళ్తున్నాడు. అడిగినవాడెవడని దేవుడు చూడడేమో. ఏమో.

వెర్ల్ ముఖమంతా బూడిదరంగు మట్టి. కళ్ళు తుడుచుకోబోయి ఇంకాస్త పూసుకున్నాడు. "తమ్ముడూ, మంటెత్తిపోతోంది. ముఖం కడుక్కోవడానికి కాసిని నీళ్ళివ్వు."

థేన్ నడుముకున్న నీళ్ళ సీసా తీసి అతని ఒళ్ళో పడేశాడు.

"పొదుపుగా వాడుకో. ఈస్టర్ దాకా లేవట."